కాగితపు బంతిలో ఒక్క ముక్క తక్కువ

ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగాక, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. మంచం పట్టినవాడు లేచి పరుగెత్తిన కథ ఏదో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివీ ఒకటి రెండు ఉన్నాయి. కానీ నన్ను బాగా సతాయించిన కేసు వేరే ఉంది. దాని గుర్తుగా మా హాల్లో ఫ్యానుకి కాస్త పక్కన ఒక కాగితపు బంతి వేలాడుతూ ఉంటుంది. దాని సంగతి మీకు చెప్పాలి. ముందే చెబుతున్నాను, ఇందులో పరుగెత్తేవాళ్లెవరూ లేరు. అటూ ఇటూ తిరిగేవాళ్లు మాత్రం ఉన్నారు, వాళ్లలో మొదటిదాన్ని నేనే.

నాకు చిన్నప్పటి నుంచీ కుదురు తక్కువ. నంద్యాల ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్లూ నా గదిలో నా కుర్చీలో నాకంటే రోగుల బంధువులే ఎక్కువ కూర్చున్నారు. ఒకరి మోకాలు వంచుతూ ఇంకొకరి భుజం గురించి ఆలోచిస్తూ ఉండేదాన్ని. మా నర్సు సిస్టర్ నన్ను చూసి, "మేడం, మీరు రిటైరైన రోజైనా కూర్చుంటారా?" అని ఆటపట్టించేది. అది నా ఆఖరి ఏడాది కాబట్టి ఆ మాట కాస్త గుచ్చుకునేది కూడా.

ఆ ఎండాకాలంలో ఆళ్లగడ్డ నుంచి ఒక శిల్పి వచ్చాడు. రోడ్డు పక్కన రాళ్లు దించుకుని దేవతల విగ్రహాలు చెక్కే దుకాణాలు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి, అందులో ఒకటి అతనిది. గొలుసుతో బండ ఎత్తుతుంటే అది జారి ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఎముక బాగానే అతికింది కానీ వేళ్లు బిగుసుకుపోయాయి. బొటనవేలు చూపుడువేలి దాకా వచ్చేది కాదు, వచ్చినా పట్టు ఉండేది కాదు. ఎముకల డాక్టరు గారు సరదా మనిషి. "ఎడమ చెయ్యే కదా, అదృష్టవంతుడివి" అన్నారట. దానికి ఇతను, "సుత్తి కుడిచేత్తో ఎవురన్నా కొడతారు సార్. ఉలి పట్టేది ఈ చెయ్యే" అన్నాడట. డాక్టరు గారు నవ్వడం ఆపి అతన్ని నా దగ్గరికి పంపించారు.

అతని తొందరకు కారణం ఉంది. కోయిలకుంట్ల వైపు ఒక ఊరివాళ్లు అమ్మవారి విగ్రహం చేయించుకుంటున్నారు. చెయ్యి విరగక ముందే అంతా అయిపోయింది, కళ్లు తప్ప. కళ్లు ఆఖరున, ముహూర్తం చూసుకుని తెరుస్తారు. ముఖం ఎవరి చేత్తో మొదలైందో కళ్లు కూడా ఆ చేత్తోనే తెరవాలని వాళ్ల పట్టింపు. ముహూర్తం జ్యేష్ఠంలో పెట్టారు. ఈ లోపల ఆ బొటనవేలికి ఉలి పట్టేంత బలం రావాలి. కంటి దగ్గర ఉలి ఒక్క పిసరు జారినా ఇంక ఆ రాయి దేనికీ పనికిరాదు.

మేము మామూలుగా ఇచ్చేవన్నీ ఇచ్చాను. మైనపు ముద్ద పిసకమన్నాను, బట్టల క్లిప్పులు నొక్కమన్నాను. "ఇదేందమ్మా, చిన్నపిల్లోళ్ల ఆటలు" అని విసుక్కునేవాడు. రెండు నిమిషాలు నొక్కి లేచి వరండాలో పచార్లు చేసేవాడు. అతని వెనకాల నేనూ క్లిప్పు పట్టుకుని పచార్లు చేసేదాన్ని. చూసేవాళ్లకు ఇద్దరిలో రోగి ఎవరో తెలిసేది కాదు.

కాగితపు బంతి సిస్టర్ ఆలోచన. ఆమె ఏటా క్రిస్మస్‌కి చర్చిలో వేలాడదీయడానికి ఫోన్లో వీడియోలు చూసి కాగితపు బంతులు చేసేది. పాత క్యాలెండరు కాగితాన్ని చదరపు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ ఒకే పద్ధతిలో మడుస్తుంది. మడిచిన ప్రతి ముక్కకూ రెండు కొనలు, రెండు జేబులు వస్తాయి. ఒకదాని కొనను ఇంకొకదాని జేబులోకి దూర్చుకుంటూ పోతే ముప్పై ముక్కలు కలిసి ముళ్ల బంతిలాగా గుండ్రంగా నిలబడతాయి. మందుల గది కిటికీకి అలాంటిది ఒకటి కట్టి ఉంటే అతను దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"జిగురు యాడ పెట్టినారమ్మా?" అని సిస్టర్‌ని అడిగాడు.

"జిగురు లేదన్నా. ఒకదాన్ని ఒకటి పట్టుకోని ఉంటాయి."

"దారం?"

"అదీ లేదు."

ఆ రోజు అతను పచార్లకు పోలేదు. నా కుర్చీలో కూర్చుని సిస్టర్ దగ్గర మడత నేర్చుకున్నాడు. నేను ఒకటే షరతు పెట్టాను. బల్ల మీద పెట్టి మడవకూడదు, కాగితాన్ని ఎడమచేతి వేళ్లతో గాల్లో పట్టుకుని కుడిచేత్తో మడత నొక్కాలి. పట్టుకోవడమే అతనికి వ్యాయామం. మొదటి ముక్క నానిపోయిన అప్పడంలా వచ్చింది. దాన్ని నలిపి పారేసి ఇంకొకటి తీసుకున్నాడు. తిట్టుకుంటూనే మడిచాడు. బస్సుకు టైమయిందని భార్య పిలిచినా లేవలేదు.

అలా కొన్నాళ్లు వచ్చాడు. ముహూర్తం దగ్గరపడేకొద్దీ దుకాణంలో పని ఎక్కువైందని రావడం మానేశాడు. ఇంటి దగ్గరే మడుస్తున్నానని ఫోన్లో చెప్పేవాడు. "పట్టు ఎలా ఉందప్పా?" అంటే "వస్తాంది, వస్తాంది" అనేవాడు. ఆ గొంతు నాకు నచ్చేది కాదు. ఫోన్లో మనిషి గొంతు వినపడుతుంది కానీ బొటనవేలు కనపడదు కదా.

ముహూర్తానికి ముందురోజు పొద్దున్నే అతని భార్య ఒక్కతే ఆసుపత్రికి వచ్చింది. ఎండకు ముఖమంతా చెమట పట్టింది. గుడ్డసంచి నా బల్ల మీద పెట్టి, "ఇయ్యన్నీ మడిచినాడు మేడం. రేపు కన్ను తెరవొచ్చునా లేదా మిమ్మల్ని అడిగి రమ్మన్నాడు. మీరు ఊ అంటేనే ఉలి పడతాడంట" అంది.

సంచి విప్పాను. లోపలి ముక్కలు ఒక్కొక్కటే తీసి వెలుతురులో తిప్పి చూశాను. ప్రతి మడతా కత్తితో కోసినట్టుంది, మూలకు మూల సరిపోయింది. అంత గట్టి మడత రావాలంటే కాగితాన్ని పట్టుకున్న వేళ్లు కదలకూడదు. అప్పడాలు చేసిన మనిషి ఇంత దూరం వచ్చాడా అని సంతోషం పట్టలేకపోయాను. ఆమెకు టీ తెప్పించాను. అతనికి ఊ అని చెబుదామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా.

సిస్టర్ ఈలోగా ఉత్సాహంగా ఆ ముక్కలు కొన్ని తీసుకుని, తన దగ్గర సగం కట్టిన బంతికి తగిలించబోయింది. ఒకటి తీసి పెట్టింది, ఇంకొకటి పెట్టింది. తిప్పి చూసింది.

"మేడం, ఫోన్ చేయొద్దు, ఒక్క నిమిషం ఆగండి" అంది.

"ఏమైంది?"

"ఇవి ఎక్కడం లేదు. నా ముక్కలకు జేబు ఈ పక్కనుంటే వీటికి ఆ పక్కనుంది. అద్దంలో చూసినట్టు ఉన్నాయి. అన్నీ అట్లే ఉన్నాయి."

విషయం ఇది. మొదటి మూల ఏ వైపు తిప్పామన్న దాన్ని బట్టి ముక్క రూపం ఉంటుంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు ఒక మూల చేతికి వస్తుంది, ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకు దాని ఎదురు మూల. రెండు రకాల ముక్కలూ విడివిడిగా చక్కగానే ఉంటాయి కానీ ఒకదానిలో ఒకటి దూరవు. శిల్పి నా కళ్లముందు మడిచినవన్నీ సిస్టర్ ముక్కల్లాంటివే. నేను అతని భార్య వైపు చూశాను. ఆమె టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంది.

ఒక చదరపు కాగితం ఆమెకిచ్చి, "ఒకటి మడువమ్మా" అన్నాను.

ఆమెకు అర్థమైపోయింది. చకచకా, ఎడమ బొటనవేలితో మడత గీస్తూ మడిచింది. జేబు ఆ పక్కనే వచ్చింది.

"ఆయప్ప ఇచ్చింది వేరే సంచి మేడం. ఆయప్ప మడుస్తాంటే చూసి నేర్చుకోని ఇయ్యి నేను మడిచినా. సంచి మార్చి తెచ్చినా" అంది.

"ఎందుకు?"

"ఆయప్పవి మీరు చూస్తే ఒప్పుకోరు. పొద్దుగూకులూ మడుస్తాడు, నలపతాడు, లేచి తిరగతాడు. అన్నం కూడా నిలబడే తింటాడు. మీరు ఊ అంటే ధైర్యమొస్తాది, ధైర్యమొస్తే చెయ్యి దానంతటదే నిలబడతాది అనుకున్నా."

"నిలబడకపోతే? రేపు ఉలి జారితే?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

నాకు కోపం రావాలి. కొంచెం వచ్చింది కూడా. కానీ ఎక్కువ వచ్చింది భయమే. ఆ చెయ్యి ముట్టుకోకుండా ఫోన్లో ఊ అనబోయాను కదా. మా ఇంటికొచ్చే ఆ పిల్లలకు నేను చెప్పగలిగిన సలహా ఒకటే ఉంది. చెయ్యి పంపించకుండా చెయ్యి చేసిన పని పంపిస్తే నమ్మకండి. చేతిని చేత్తో పట్టుకుని చూడండి.

అరపూట సెలవు పెట్టి ఆమెతో ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఆ బస్సు నన్ను ఏడిపించింది. బస్టాండులో డ్రైవరు ఎంతకీ రాలేదు, వచ్చాక కండక్టరు కనపడలేదు. శిరివెళ్లలో ఎవరో ఉల్లిగడ్డల మూటలు ఎక్కించేదాకా ఆగింది. నేను లేచి తలుపు దాకా పోవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. కండక్టరు, "ఏమమ్మా, దిగుతావా?" అని రెండుసార్లు అడిగాడు. ఆమె కిటికీ పక్కన టిక్కెట్టును మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. ఊరు వచ్చేసరికి ఆ టిక్కెట్టు పీలికలైపోయింది.

దుకాణం నిండా తెల్లటి రాతిపొడి. పక్క దుకాణాల్లో కోత మిషన్లు హోరెత్తుతున్నాయి. రేకుల కింద అమ్మవారు నిలబడి ఉంది. నగలూ, కిరీటం, పెదాల చివర్లు అన్నీ పూర్తయ్యాయి. కళ్లున్న చోట రెండు ఉబ్బెత్తు గుండ్లు నున్నగా ఉన్నాయి. చూపు లేని ఆ ముఖం ముందు నిలబడటం నాకు ఇబ్బందిగా అనిపించింది. విగ్రహం చేయించుకుంటున్న ఊరి పెద్దలిద్దరు అప్పటికే వచ్చి బండ మీద కూర్చుని ఉన్నారు. అతను వాళ్ల ముందు అటూ ఇటూ నడుస్తున్నాడు.

నన్ను చూసి, "నువ్వే వచ్చినావా అమ్మా? ఊ అని ఫోన్లో చెప్తే సాలు గదా" అన్నాడు.

నేను సంచి అతని చేతిలో పెట్టాను. ఒక ముక్క తీసి చూశాడు. ఇంకొకటి చూశాడు. భార్య వైపు తిరిగి, "ఇయ్యి నావి కాదే. నావి యాడ?" అన్నాడు.

గట్టిగా అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. ఆమె లోపలికి పోయి అసలు సంచి తెచ్చి బండ మీద కుమ్మరించింది. వంకర మడతలు, చెమట మరకలు, రాతిపొడి పట్టిన మూలలు. ఊరి పెద్దలు వాటిని చూసి ముఖాలు చూసుకున్నారు. అతను తలవంచుకున్నాడు. నాకు మాత్రం ఆ ముక్కల్లో ఒక సంగతి కనపడింది. పాతబడి నలిగినవాటికంటే కొత్తగా ఉన్నవి, అంటే ఈమధ్య మడిచినవి, కాస్త గట్టిగా ఉన్నాయి.

"కూర్చో అప్పా, వీటితోనే కట్టి చూద్దాం" అన్నాను.

సిస్టర్ దగ్గర నేర్చుకున్నది గుర్తు తెచ్చుకుంటూ నేను మొదలుపెట్టాను. వికారంగా ఉన్నా వాటి జేబులన్నీ ఒకే పక్కన ఉన్నాయి. కొన జేబులోకి దూరింది, పట్టుకుంది. అతను ఒక్కొక్కటే అందించాడు, కాసేపటికి తానే దూర్చడం మొదలుపెట్టాడు. బంతి ఒక పక్క సొట్టపోయి ఉంది కానీ పైకి లేచింది. ఆఖరున ఒక ముక్కకు చోటు మిగిలింది. చేసినవాళ్లకు తెలుసు, చివరి ముక్కే కష్టం. ఒక చేతి రెండు వేళ్లతో చుట్టూ ఉన్నవి జారకుండా బిగించి పట్టుకోవాలి, ఇంకో చేత్తో ఈ ముక్కను దూర్చాలి. సరిగ్గా ఉలికి కావలసిన పట్టు అది.

"ఇది నువ్వు పెట్టు. ఎడమచేత్తో పట్టుకో. పెట్టగలిగితే రేపు కళ్లు తెరువు. నేను ఊ అంటాను" అన్నాను.

అనేశాక నా మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. అతను బంతిని ఎడమచేతిలోకి తీసుకున్నాడు. పెద్దలు లేచి దగ్గరికొచ్చారు. ఒక కొన దూరింది. రెండోది పెట్టబోతుంటే బొటనవేలు వణికింది, పక్క ముక్క ఊడింది. సర్దుకుని మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ వణికింది. భార్య చెయ్యి చాపి కింద నుంచి బంతిని ఆపబోయింది.

"చెయ్యి తియ్" అన్నాడు.

ఆమె తీసేసింది. ఇంకొకసారి పట్టుకున్నాడు. పొడి పట్టిన నుదుటి మీద చెమట చారలు కట్టింది. వేలు నిలబడింది, నిలబడింది, ఇక అయిపోయిందనుకున్న క్షణంలో సడలింది. అతను బంతిని మెల్లగా నా ఒళ్లో పెట్టి, ఆ ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు. పెద్దల వైపు తిరిగాడు.

"రేపు కాదు" అన్నాడు.

"నీ కాగితం కోసం మూర్తం మార్చాల్నా?" అన్నాడు పెద్దాయన.

"కాగితానికి చిల్లు పడితే ఇంగోటి మడచొచ్చు. అమ్మోరి కంట్లో పడితే ఏం జేస్తావ్ పెద్దాయనా?"

"ఇంగెవురితోనైనా తెరిపించుకుంటాం."

"తీసకపోండి. నేనేం కట్టేసుకోలే. మొగం ఎత్తుకున్న చెయ్యే కన్ను తెరవాలని మీ ఊళ్లోనే చెప్పినారు."

వాళ్లు చిరచిరలాడుతూ వెళ్లిపోయారు. అతను విగ్రహం ముఖం మీద తడిగుడ్డ కప్పి నా దగ్గరికొచ్చాడు. "బంతి నీ దగ్గర పెట్టుకో అమ్మా. ఈ ముక్క నా దగ్గరుంటాది. కన్ను తెరిచినాక పంపిస్తా" అన్నాడు. బస్సులో నంద్యాల దాకా ఒళ్లో ఆ చిల్లు బంతిని పెట్టుకుని వచ్చాను. ఒక మనిషి నోట "రేపు కాదు" అనిపించి వచ్చాను, అది తప్పు కాదని తెలుసు, అయినా ఏడుపొచ్చింది.

ఊరివాళ్లు కోపం చల్లారాక మళ్లీ వచ్చారట. జ్యేష్ఠం దాటిపోయింది, ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి శ్రావణంలో పెట్టుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నా రిటైర్మెంటు. ఆషాఢమంతా అతను మానకుండా నంద్యాల వచ్చాడు. ఈసారి మైనపు ముద్ద పిసికాడు, క్లిప్పులు నొక్కాడు, కాగితాలు మడిచాడు. ప్రతిసారీ ఆ చెయ్యి పట్టుకుని చూసేదాన్ని, పట్టు కొద్దికొద్దిగా వస్తోంది. వచ్చినప్పుడల్లా నా కళ్లు అతని చొక్కా జేబు మీదికే పోయేవి. అడగలేదు. బంతి నా బల్ల మీద ఉండేది. దాని చిల్లు ఎటు తిప్పి పెట్టినా నా వైపే ఉన్నట్టుండేది. గోడవైపు తిప్పితే, లేచి పోయి ఉందో లేదో చూసి వచ్చేదాన్ని. సిస్టర్ విసిగిపోయి, "ఒక ముక్క నేను మడిచి పెట్టేస్తా మేడం, మీకు నిద్రన్నా పడుతుంది" అంది. వద్దన్నాను.

శ్రావణంలో ముహూర్తం రోజు వచ్చింది. ఫోన్ రాలేదు. సాయంత్రం నేనే చేశాను, స్విచ్ఛాఫ్ అని వచ్చింది. మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజు నాకు వీడ్కోలు సభ. స్టాఫంతా చేరి దండ వేశారు, శాలువా కప్పారు. ఎముకల డాక్టరు గారు నా గురించి మంచి మాటలు చెప్పారట. నాకు ఒక్కటీ చెవికెక్కలేదు. నా కోసం వేసిన పెద్ద కుర్చీ వెనకాల నిలబడి గుమ్మం వైపు చూస్తున్నాను. "కూర్చోండి మేడం" అని నలుగురు చెప్పారు. "కూర్చుంటా, కూర్చుంటా" అంటూ అక్కడే ఉన్నాను.

మిక్చర్ పొట్లాలు పంచుతుండగా అతని భార్య లోపలికొచ్చింది. ఒక్కతే. జాకెట్లోంచి రుమాలు మూట తీసి విప్పింది. లోపల ఆ ముక్క. చొక్కా జేబులో నలిగి, చెమటకు రంగు పోయి, మూలల్లో రాతిపొడి ఇంకిపోయి ఉంది.

నేను తీసుకున్నాను. తీసుకోగానే, సభ్యత కూడా మరిచిపోయి, జేబు ఏ పక్కనుందో తిప్పి చూశాను.

ఆమె నవ్వింది. "చూస్కో మేడం. నాది కాదు."

"కళ్లు తెరిచాడా?"

"తెరిచినాడు. ఊరోళ్లు అమ్మోరితో పాటు ఆయప్పని కూడా ట్రాక్టరెక్కించి తీసకపోయినారు, ఇంగా వదల్లే. ఆ సందడిలో ఫోను యాడ పారేసుకున్యాడో" అని తన ఫోన్లో ఫొటో చూపించింది. పసుపు పూసిన ముఖం. రెండు కళ్లూ సమంగా, తేటగా ఉన్నాయి. ఈసారి ఆ ముఖం ముందు నాకు ఇబ్బందిగా అనిపించలేదు.

సిస్టర్ నా గదిలోంచి బంతి తెచ్చింది. ముక్క పెట్టబోతే నా వేళ్లు వణికాయి. ఇన్నేళ్లు జనం వేళ్లు సరిచేసిన వేళ్లు ఆ చిన్న జేబును పట్టుకోలేకపోయాయి. పక్క ముక్క ఊడబోయింది. ఇటు నుంచి సిస్టర్, అటు నుంచి ఆమె ఎడమచెయ్యి ఒకేసారి సాయానికి వచ్చాయి.

"చేతులు తీయండి" అన్నాను.

తీసేశారు. గట్టిగా ఊపిరి తీసుకుని మళ్లీ పట్టుకున్నాను. ముక్క మెల్లగా లోపలికి పోయి తన చోట కూర్చుంది. అప్పుడు గానీ నేను కుర్చీలో కూర్చోలేదు.